చనిపోయాక కూడా భార్యాభర్తలేనా? మోర్మన్ల ‘శాశ్వత వివాహం’ వెనుక అసలు కథ ఇదీ..

పెళ్లంటే నూరేళ్ల పంట అంటాం. ఇంకాస్త గట్టిగా చెప్పాలంటే ఏడేడు జన్మల బంధం అంటాం. చర్చిలో పెళ్లి చేసుకునే తెలుగు క్రైస్తవులైతే, మరణం విడదీసే వరకు కలిసుంటామని పాస్టర్ ముందు మాటిస్తారు. ఈ మూడూ కాకుండా ఇంకో రకం పెళ్లి ఉంది. అందులో నూరేళ్లన్న లెక్క లేదు. మళ్లీ పుట్టడం లేదు. చావుతో ముగిసిపోవడం అసలే లేదు. ఇప్పుడు కట్టుకున్న ఈ భార్యే, ఈ భర్తే, కన్న ఈ పిల్లలే.. చనిపోయి తిరిగి లేచాక కూడా అదే కుటుంబం. ఎప్పటికీ.

వినడానికి సినిమా డైలాగ్‌లా ఉంది కదూ? కానీ అమెరికాలోని యూటా రాష్ట్రం కేంద్రంగా నడిచే ఓ చర్చికి ఇది మూల నమ్మకం. ఆ చర్చికి ప్రపంచవ్యాప్తంగా కోటీ 70 లక్షల మందికి పైగా సభ్యులున్నారు. వాళ్లనే మనం మోర్మన్లు అంటున్నాం. 2012లో ఒబామా మీద అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిన మిట్ రామ్నీ ఈ చర్చి సభ్యుడే. రక్తపిశాచితో ఎప్పటికీ చావని ప్రేమ అంటూ ‘ట్విలైట్’ నవలలు రాసిన స్టెఫనీ మేయర్ కూడా అంతే. ఆ కథకి, ఈ నమ్మకానికి సంబంధం ఉందా అంటే.. ఆ డౌట్ చాలామందికి వచ్చింది లెండి.

ఈ చర్చి అధ్యక్షుడు రసెల్ ఎం. నెల్సన్ 2025 సెప్టెంబర్ 27న 101 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన ఒకప్పుడు పేరున్న హార్ట్ సర్జన్. తర్వాత అక్టోబర్‌లో డాలిన్ హెచ్. ఓక్స్ పగ్గాలు చేపట్టారు. ఈయన యూటా సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి. ఈ ఇద్దరి జీవితాల్లో ఓ పోలిక ఉంది. ఇద్దరికీ మొదటి భార్య చనిపోయింది. ఇద్దరూ రెండో పెళ్లి చేసుకున్నారు. చర్చి లెక్క ప్రకారం ఇద్దరూ ఇద్దరేసి భార్యలతో శాశ్వతంగా ముడిపడి ఉన్నారు. మరి పరలోకంలో? అక్కడే అసలు చిక్కుంది. ఆ చిక్కు అర్థం కావాలంటే ముందు ఈ పెళ్లేంటో చూద్దాం.

ఆదివారం చర్చి వేరు.. టెంపుల్ వేరు

ముందుగా పేరు సంగతి. వీళ్ల చర్చి పూర్తి పేరు తెలుగులో ‘యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము’. 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే 24 ఏళ్ల కుర్రాడు దీన్ని మొదలుపెట్టాడు. బైబిల్‌తో పాటు ‘మోర్మన్ గ్రంథం’ అనే పుస్తకాన్ని కూడా పవిత్రంగా చూస్తారు కాబట్టి బయటివాళ్లు మోర్మన్లని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు మానేసి పూర్తి పేరు వాడండని 2018లో నెల్సన్ కోరారు. జనం నోట్లో మాత్రం పాత పేరే నానుతోంది. మనం కూడా ఇక్కడ అర్థమవడం కోసమే ఆ మాట వాడుతున్నాం.

ప్రతి ఆదివారం ప్రార్థనకు వెళ్లే భవనంలోకి ఎవరైనా వెళ్లొచ్చు. టెంపుల్ అలా కాదు. అందులోకి వెళ్లాలంటే కార్డు ఉండాలి. దాన్ని ‘టెంపుల్ రికమెండ్’ అంటారు. స్థానిక బిషప్, ఆయన పైన ఇంకో పెద్ద కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేస్తారు. సంపాదనలో పదో వంతు చర్చికి ఇస్తున్నావా? మందు, సిగరెట్, కాఫీ, టీ ముట్టకుండా ఉన్నావా? (అవును, టీ కూడా నిషేధమే.) పెళ్లి బయట సంబంధాలేమైనా ఉన్నాయా? అన్నిటికీ సరైన జవాబు చెబితేనే కార్డు. శాశ్వత వివాహం జరిగేది ఈ టెంపుల్‌లో మాత్రమే.

ఆ పెళ్లిని ‘సీలింగ్’ అంటారు. ముద్ర వేసి బిగించడం అన్నమాట. వధూవరులు తెల్ల బట్టల్లో ఉంటారు. గది మధ్యలో మెత్తటి బల్లలాంటి పీఠం ఉంటుంది. దానికి అటొకరు, ఇటొకరు మోకాళ్ల మీద కూర్చుని చేతులు పట్టుకుంటారు. ఈ అధికారం ఉన్న పెద్ద ఒకరు, ఈ కాలానికే కాదు నిత్యత్వమంతటికీ మీరు భార్యాభర్తలని ప్రకటిస్తారు. బ్యాండ్ ఉండదు, పాటలుండవు, ఫొటోగ్రాఫర్‌ని లోపలికి రానివ్వరు. ఉంగరాలు మార్చుకోవడం కూడా ఆ తంతులో భాగం కాదు, కావాలంటే తర్వాత మార్చుకోవచ్చు. మన పెళ్లిళ్లలో పోకచెక్కలు, తమలపాకులు సర్దేంత సేపట్లోనే అక్కడ పెళ్లయిపోతుంది.

కానీ ఆ గదిలో ఒక ఏర్పాటు మాత్రం ఎవరికైనా గుర్తుండిపోతుంది. ఎదురెదురు గోడలకు రెండు పెద్ద అద్దాలు పెడతారు. కొత్త జంట లేచి నిలబడి అద్దంలోకి చూస్తే, వాళ్ల రూపం ఒకదాని వెనుక ఒకటిగా కనుచూపు ఆనేంత దూరం కనిపిస్తూనే ఉంటుంది. వెనక్కి చూస్తే తాతముత్తాతలు, ముందుకి చూస్తే పిల్లలు, మనవలు అని పెద్దలు చెబుతారు. ఒక్క మాట కూడా లేకుండా సిద్ధాంతం మొత్తం ఆ అద్దాలే చెప్పేస్తాయి.

ఇలా సీలింగ్ అయిన దంపతులకు పుట్టే పిల్లలు ఆటోమేటిక్‌గా అమ్మానాన్నలకు శాశ్వతంగా ముడిపడి పుడతారని నమ్మకం. ముందే పుట్టిన పిల్లలుంటే, దత్తత తీసుకున్న పిల్లలుంటే వాళ్లనీ టెంపుల్‌కి తీసుకొచ్చి ఆ పీఠం చుట్టూ కూర్చోబెట్టి కలుపుతారు. అంటే ఇది ఒక్క మొగుడూపెళ్లాల ముడి కాదు. తరాలన్నిటినీ కలిపే గొలుసు.

అన్న చావుతో మొదలైంది

ఇంతకీ ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది? పుస్తకాల్లో వెతికితే చాలా సమాధానాలు దొరుకుతాయి కానీ, మొదలైంది మాత్రం ఓ ఇంట్లో జరిగిన చావుతోనే అనిపిస్తుంది.

జోసెఫ్ స్మిత్‌కి ఆల్విన్ అనే అన్న ఉండేవాడు. ఇంటికి పెద్దకొడుకు. తల్లిదండ్రులకు మంచి ఇల్లు కట్టివ్వాలని కష్టపడుతున్నవాడు. 1823 నవంబర్‌లో కడుపునొప్పి వచ్చింది. డాక్టర్ ఇచ్చిన మందు వికటించిందంటారు. 25 ఏళ్లకే పోయాడు. బాప్తిస్మం తీసుకోలేదు. అంత్యక్రియల్లో ప్రసంగించిన బోధకుడు, ఈ అబ్బాయి నరకానికే వెళ్లి ఉంటాడన్నట్టు మాట్లాడాడని ఆ కుటుంబం తర్వాత చెప్పుకుంది. కొడుకుని మట్టిలో పెట్టి అప్పుడే వచ్చిన తండ్రికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో చెప్పక్కర్లేదు. అప్పటికి జోసెఫ్‌కి 17 ఏళ్లు.

పన్నెండేళ్ల తర్వాత, 1836 జనవరిలో ఒహాయో రాష్ట్రంలోని కర్ట్‌లాండ్‌లో తనకు దర్శనం వచ్చిందని జోసెఫ్ చెప్పాడు. అందులో పరలోకంలోని అత్యున్నత స్థానంలో అన్న ఆల్విన్ కనిపించాడట. బాప్తిస్మం లేకుండా అక్కడికి ఎలా చేరాడని ఆశ్చర్యపోయాడట. బతికుండగా సత్యం తెలుసుకునే అవకాశం దొరకనివాళ్లకు, దొరికితే తప్పక ఒప్పుకునేవాళ్లకు దారి ఉందన్నది ఆయనకు వచ్చిన జవాబు. ఆ తర్వాత నాలుగేళ్లకు, 1840 ఆగస్టులో ఓ అనుచరుడి అంత్యక్రియల్లోనే, చనిపోయినవాళ్ల తరఫున బతికున్నవాళ్లు బాప్తిస్మం తీసుకోవచ్చని ప్రకటించాడు. ఆల్విన్ పేరు మీద ఇంకో అన్న హైరమ్ బాప్తిస్మం తీసుకున్నాడు.

జోసెఫ్ సొంత ఇంట్లోనూ అదే పరిస్థితి. ఆయనకీ భార్య ఎమ్మాకీ కన్నవాళ్లు, పెంచుకున్నవాళ్లు కలిపి 11 మంది పిల్లలు. అందులో ఆరుగురు పుట్టగానే గానీ, ఏడాది రెండేళ్లలోపు గానీ పోయారు. మొదటి బిడ్డ అదే రోజు చనిపోయాడు. ఆ తర్వాత కవలలు పుట్టి నిలవలేదు. అలాంటి ఇంట్లో ఉండేవాళ్లకి పరలోకం అంటే బంగారు వీధులు కాదు.. పోయిన బిడ్డని మళ్లీ ఒళ్లో వేసుకోవడమే. ఎనిమిదేళ్లు నిండకుండా చనిపోయే పిల్లలు నేరుగా ఉన్నత పరలోకానికే చేరతారని, అక్కడ తల్లిదండ్రులు మళ్లీ వాళ్లని కలుస్తారని ఈ చర్చి బోధిస్తుంది. పసిపిల్లల్ని పోగొట్టుకున్న మోర్మన్ తల్లులు ఈ ఒక్క మాటని పట్టుకుని బతుకుతారు. ఈ నమ్మకాన్ని ఒప్పుకోకపోవచ్చు, కానీ దాన్ని చూసి నవ్వడం మాత్రం కష్టం.

1843 మే నెలలో జోసెఫ్, ఎమ్మా సీలింగ్ చేసుకున్నారు. మరుసటి ఏడాది జూన్ 27న ఇల్లినాయ్ రాష్ట్రంలోని కార్తేజ్ జైలు మీద అల్లరిమూక దాడి చేసి జోసెఫ్‌ని, హైరమ్‌ని చంపేసింది. ఎమ్మా మిగతావాళ్లతో యూటాకి వెళ్లలేదు. 1847లో వేరే ఆయన్ని పెళ్లి చేసుకుని ఇల్లినాయ్‌లోనే ఉండిపోయింది. మోర్మన్ల లెక్కలో మాత్రం ఆమె నిత్యత్వంలో జోసెఫ్ భార్యే.

స్వర్గంలో మూడు అంతస్తులు.. పై అంతస్తుకి జంటగా రావాల్సిందే!

మామూలుగా క్రైస్తవంలో స్వర్గం, నరకం రెండే కదా. మోర్మన్ల నమ్మకం వేరు. దాదాపు అందరూ మూడు పరలోక రాజ్యాల్లో ఏదో ఒకదానికి చేరతారు. పైనున్నది ‘సెలెస్టియల్’ రాజ్యం. దేవుడు ఉండేది అక్కడే. అందులో మళ్లీ మూడు మెట్లు. పై మెట్టు ఎక్కాలంటే ఒంటరిగా కుదరదు. సీలింగ్ అయిన భార్యాభర్తలై ఉండాలి, చేసుకున్న ఒడంబడికని నిలబెట్టుకుని ఉండాలి. అక్కడికి చేరినవాళ్లు దేవుడి పోలికలోకి ఎదుగుతారని, సంతానం కూడా ఆగదని నమ్ముతారు. దేవుడే ఒక తండ్రి, ఆయనతో పాటు పరలోకపు తల్లి కూడా ఉందని, భూమ్మీదకి రాకముందు మనమంతా వాళ్ల పిల్లలుగా అక్కడే ఉన్నామని వీళ్ల బోధ. అందుకే వీళ్ల దృష్టిలో కుటుంబం అంటే దేవుడు మనుషుల కోసం పెట్టిన ఏర్పాటు ఒక్కటే కాదు. దేవుడు బతికే తీరే అది.

పెళ్లిళ్లు స్వర్గంలో నిశ్చయమవుతాయని మన సామెత. వీళ్లది సరిగ్గా తిరగేసిన మాట. పెళ్లి ఇక్కడే చేసుకోవాలి, అది స్వర్గం దాకా వస్తుంది.

మరి బైబిల్ అలా చెప్పదు కదా అని మిగతా క్రైస్తవులు అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది. మత్తయి సువార్త 22వ అధ్యాయంలో కొందరు యేసుని ఇరకాటంలో పెట్టే ప్రశ్న వేస్తారు. ఒకావిడ ఏడుగురు అన్నదమ్ముల్ని ఒకరి తర్వాత ఒకరిని పెళ్లాడింది, అందరూ పోయారు, పునరుత్థానంలో ఆమె ఎవరి భార్య అని. అక్కడ పెళ్లి చేసుకోవడం, పెళ్లికివ్వడం ఉండదని యేసు జవాబిస్తాడు. కేథలిక్కులు, ప్రొటెస్టెంట్లు దీన్ని సూటిగా చదువుతారు. పెళ్లి ఈ లోకంతో సరి అంటారు. మోర్మన్లు దాన్నే ఇంకోలా చదువుతారు. అక్కడ కొత్తగా పెళ్లిళ్లు జరగవన్నాడు, అందుకే ఇక్కడే జరిపించుకోవాలి అంటారు. భూమ్మీద ముడివేసింది పరలోకంలోనూ ముడిపడే ఉంటుందని యేసు తన శిష్యుడు పేతురుకి ఇచ్చిన అధికారం 1836లో కర్ట్‌లాండ్ టెంపుల్‌లో తమకు తిరిగి దక్కిందంటారు. ఈ ఒక్క పాయింట్ మీదే అని కాదు గానీ, చాలా చర్చిలు మోర్మన్లని అసలు క్రైస్తవులుగానే ఒప్పుకోవు. ఇలాంటి పాయింట్లు ఇంకా చాలా ఉన్నాయి కానీ, అది వేరే కథ.

చనిపోయినవాళ్లకీ పెళ్లి.. అందుకే వంశవృక్షాల వేట

ఇక్కడో ప్రశ్న రావాలి. 1830కి ముందు పుట్టి పోయిన కోట్లాది మంది సంగతేంటి? చర్చి పేరే వినని మన తాతల సంగతేంటి? దానికీ వీళ్ల దగ్గర జవాబుంది. బతికున్నవాళ్లు టెంపుల్‌కి వెళ్లి చనిపోయినవాళ్ల పేరు మీద బాప్తిస్మం తీసుకుంటారు. పన్నెండు ఎద్దుల విగ్రహాల మీద నిలబెట్టిన పెద్ద తొట్టిలో ఈ కార్యం జరుగుతుంది. ఎక్కువగా టీనేజ్ పిల్లలే వచ్చి చేస్తుంటారు. తర్వాత ఆ తాతా అవ్వల పేరు మీద సీలింగ్ కూడా చేస్తారు. మనం పోయినవాళ్ల పేరు చెప్పి తర్పణం వదులుతాం కదా, చూడ్డానికి అలాగే అనిపించొచ్చు. తేడా ఏంటంటే, ఇక్కడ చేసింది అక్కడ ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ చనిపోయిన మనిషి ఇష్టమట. బలవంతం లేదంటారు.

అయితే ఊరికే ‘మా ముత్తాత’ అంటే కుదరదు. పేరు, ఊరు, తేదీలు కావాలి. 1894లో చర్చి వంశావళి సంఘాన్ని పెట్టింది అందుకే. అదే ఇప్పుడు ‘ఫ్యామిలీ సెర్చ్’ పేరుతో నడుస్తోంది. ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు, మోర్మన్ కానక్కర్లేదు. సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఓ గ్రానైట్ కొండని తొలిచి కట్టిన సొరంగాల్లో ప్రపంచ దేశాల నుంచి తెచ్చిన రికార్డుల మైక్రోఫిల్మ్‌లు దాచారు. దాదాపు 24 లక్షల రోల్స్! వాటిని డిజిటల్‌లోకి మార్చే పని 2021లో పూర్తయింది. ఇందులో మనకి తెలిసినవీ ఉన్నాయి. హరిద్వార్‌లో పండాల దగ్గర తరతరాల యాత్రికుల పేర్లు రాసుకున్న పొడుగాటి బహీ పుస్తకాలుంటాయి కదా. వాటినీ ఈ సంఘం మైక్రోఫిల్మ్ తీయించింది. అమెరికాలో కొండ లోపల మన హరిద్వార్ లెక్కలు!

కానీ ఇదే పని పెద్ద గొడవలకీ దారితీసింది. నాజీల చేతిలో చనిపోయిన యూదుల పేర్లతో బాప్తిస్మాలు జరిగాయని తెలిసి యూదు సంఘాలు మండిపడ్డాయి. మా మతం కోసం ప్రాణాలు పోయినవాళ్లని చచ్చాక మీ మతంలో కలుపుతారా అని నిలదీశాయి. 1995లో ఒప్పందం కుదిరింది. అయినా 2012లో అన్నే ఫ్రాంక్ పేరు మళ్లీ బయటపడింది. నాజీ నేరస్తుల్ని వేటాడిన సైమన్ వీసెంతాల్ తల్లిదండ్రుల పేర్లు కూడా వచ్చాయి. చర్చి క్షమాపణ చెప్పింది. అదే ఏడాది మన గాంధీజీ పేరు మీద కూడా అలా జరిగిందని వార్తలొచ్చి, హిందూ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఇప్పుడు రూల్ ఏంటంటే, సొంత పూర్వీకుల పేర్లే ఇవ్వాలి. గత 110 ఏళ్లలోపు పుట్టినవాళ్లయితే దగ్గరి బంధువు అనుమతి తప్పనిసరి.

‘నాకు వేరే ఇల్లు ఇస్తారా?’

ఇక మనం మొదట్లో వదిలేసిన చిక్కుకి వద్దాం.

2019 అక్టోబర్ మహాసభలో ఓక్స్ తనకు వచ్చిన ఓ ఉత్తరం గురించి చెప్పారు. రాసిందో మహిళ. ఓ వ్యక్తిని టెంపుల్‌లో పెళ్లి చేసుకోబోతోంది. అతనికి ముందే సీలింగ్ అయిన భార్య ఉంది, చనిపోయింది. ఈవిడ అడిగిందొక్కటే. పరలోకంలో నాకంటూ వేరే ఇల్లుంటుందా, లేక ఆయనతో, ఆయన మొదటి భార్యతో కలిసి ఒకే ఇంట్లో ఉండాలా? హాల్లో నవ్వులు వినిపించాయి. ఓక్స్ ఇచ్చిన సలహా ఏంటంటే, దేవుడిని నమ్మండి, ఇంత దాకా మనకు తెలియనివి చాలా ఉన్నాయి అని. నవ్వుకుని వదిలేసే ప్రశ్నా అది? అడిగినావిడ జోక్ కోసం అడగలేదు. చెప్పినాయన కూడా అదే స్థితిలో ఉన్న మనిషే. ఆ నవ్వు మీద తర్వాత చాలామంది మోర్మన్ మహిళలే విమర్శలు చేశారు.

ఎందుకంటే రూల్ ఇద్దరికీ ఒకటి కాదు. భార్య చనిపోయిన మగాడు ఇంకో ఆడమనిషితో సీలింగ్ చేసుకోవచ్చు, మొదటి ముడి అలాగే ఉంటుంది. భర్త చనిపోయిన ఆడమనిషికి బతికుండగా ఒక్కరితోనే సీలింగ్. రెండో పెళ్లి చేసుకోవచ్చు, కానీ అది ఈ లోకం వరకే. ఇంకొకరితో శాశ్వతంగా కావాలంటే మొదటిది రద్దు చేయించుకోవాలి. దానికి చర్చి అగ్రనాయకత్వం సంతకం కావాలి. ఇద్దరు భర్తలతోనూ ముడి వేయాలంటే అది ఆమె పోయాక, వాళ్లూ పోయాక, ఎవరో ఒకరు ఆమె పేరు మీద చేయించాల్సిందే.

ఇందులో ఇంకా గట్టి మెలిక ఉంది. పాతికేళ్లకే భర్తని పోగొట్టుకున్న అమ్మాయిని ఊహించుకోండి. మొదటి సీలింగ్ రద్దు చేయించుకోకుండా ఇంకో అతన్ని పెళ్లాడింది. ఇద్దరు పిల్లలు పుట్టారు. అతనే పెంచాడు, అతనే స్కూల్లో దింపాడు, జ్వరం వస్తే అతనే రాత్రంతా కూర్చున్నాడు. చర్చి రికార్డు ప్రకారం మాత్రం ఆ పిల్లలు తల్లికి మొదటి భర్తతో ఉన్న ముడిలోనే పుట్టినట్టు లెక్క. పెంచిన తండ్రి శాశ్వత లెక్కలో ఎక్కడ? చివరికి దేవుడే అన్నీ సర్దుతాడు, ఎవరినీ ఇష్టం లేని బంధంలో ఉంచడు అని పెద్దలు సర్దిచెబుతారు. అలా నమ్మి ఊరుకునేవాళ్లు ఉన్నారు. తట్టుకోలేక మళ్లీ పెళ్లే వద్దనుకునేవాళ్లూ ఉన్నారు. మోర్మన్ యువ వితంతువుల్ని పెళ్లాడ్డానికి మోర్మన్ కుర్రాళ్లు వెనకాడేది కూడా ఇందుకే.

దీని వేర్లు బహుభార్యాత్వంలో ఉన్నాయి. 1843 జూలై 12న జోసెఫ్ స్మిత్ రాయించిన బోధ ఒకటుంది. శాశ్వత వివాహానికి ఆధారం అదే, ఒకరికంటే ఎక్కువ మంది భార్యల్ని అనుమతించిందీ అదే. అందులో ఎమ్మాని పేరు పెట్టి మరీ ఒప్పుకోమని హెచ్చరించారు. జోసెఫ్‌కి 30 నుంచి 40 మంది దాకా భార్యలు ఉండొచ్చని 2014లో చర్చే తన వ్యాసంలో ఒప్పుకుంది. 1890లో అప్పటి అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ ఈ ఆచారాన్ని ఆపుతున్నట్టు ప్రకటించాడు. ఇప్పుడెవరైనా ఇద్దరు భార్యలతో కాపురం చేస్తే చర్చి నుంచి వెలేస్తారు. టీవీ షోల్లో కనిపించే బహుభార్యల కుటుంబాలు విడిపోయిన వేరే గుంపులవి. ఆ రెండిటినీ కలపకండి. భూమ్మీద ఆచారం ఆగిపోయింది సరే, పైలోకం లెక్కలో దాని నీడ మిగిలిపోయిందన్నది చాలామంది మహిళల బాధ. కరోల్ లిన్ పియర్సన్ అనే మోర్మన్ రచయిత్రి 2016లో ఈ భయం మీదే ఓ పుస్తకం రాసింది.

గుమ్మం బయట అమ్మానాన్న

కార్డు ఉంటేనే టెంపుల్‌లోకి అని చెప్పుకున్నాం కదా. మరి వధువు తల్లిదండ్రులు మోర్మన్లు కాకపోతే? సింపుల్.. కూతురి పెళ్లి వాళ్లు చూడలేరు. బయట తోటలో బెంచీ మీద కూర్చుని, పెళ్లి అయిపోయాక తలుపు తీసుకుని వచ్చే కూతురిని చూడాలి. చర్చిలో ఉండి కార్డు లేనివాళ్లకీ, చెల్లెళ్లకీ తమ్ముళ్లకీ అదే గతి. కన్యాదానం చేయాల్సిన తండ్రి గేటు బయట నిలబడటం.. మనకైతే ఆ ఊహే మింగుడుపడదు.

అందరి కోసం ముందు మామూలు పెళ్లి చేసుకుని తర్వాత టెంపుల్‌కి వెళ్దామంటే, అమెరికాలో ఏడాది ఆగాలన్న నిబంధన ఉండేది. టెంపుల్‌ని రెండో స్థానంలో పెట్టినందుకు శిక్షలా అనిపించేది. చాలా దేశాల్లో ప్రభుత్వ చట్టం వల్ల ముందు సివిల్ పెళ్లే చేసుకోవాలి, వాళ్లకి ఈ ఏడాది గోల లేదు. ఏళ్ల తరబడి కుటుంబాలు మొరపెట్టుకున్నాక 2019 మే 6న ఆ నిబంధన ఎత్తేశారు. ఇప్పుడు పొద్దున తోటలో అందరి ముందు పెళ్లి, సాయంత్రం టెంపుల్‌లో సీలింగ్ కూడా చేసుకోవచ్చు. పెద్ద మార్పే. కుటుంబాలు ఎప్పటికీ కలిసుండాలని చెప్పే చర్చి, అదే మాట పేరుతో పెళ్లిరోజే కుటుంబాన్ని రెండు ముక్కలు చేయడం ఎంతకాలం సాగుతుంది?

అయినా లోపలి గీత మాత్రం అలాగే ఉంది. మోర్మన్లు తరచుగా వాడే మాట ఒకటుంది.. పరలోకంలో మా ఇంట్లో ఒక్క కుర్చీ కూడా ఖాళీగా ఉండకూడదు అని. ప్రేమతో అనే మాటే. కానీ ఇరవై ఏళ్ల కొడుకు వచ్చి, నాకు ఈ నమ్మకం లేదమ్మా, ఇక చర్చికి రాను అన్నప్పుడు, ఆ తల్లికి వినిపించేది అదొక్కటే కాదు. నీతో ఎప్పటికీ ఉండను అన్నట్టు వినిపిస్తుంది. కొడుకు చెప్పింది దేవుడి గురించి, తల్లి ఏడ్చేది కొడుకు గురించి. యూటాలో ఎన్నో ఇళ్లలో ఈ మాటలు జరుగుతుంటాయి. పిల్లలు దారి తప్పినా తల్లిదండ్రుల సీలింగ్ వాళ్లని ఏదో ఒకరోజు వెనక్కి లాగుతుందని కొందరు పెద్దలు ఊరటనిచ్చారు. మరికొందరు ఎవరి ఎంపిక వాళ్లదే అన్నారు.

పెళ్లి కానివాళ్ల సంగతి? తప్పు వాళ్లది కానప్పుడు, ఇక్కడ దొరకని జోడీ అక్కడ దొరుకుతుందని, ఏ వరమూ తప్పిపోదని బోధ. 2021 ఏప్రిల్ మహాసభలో చర్చి పెద్దలే ఓ సంగతి బయటపెట్టారు. చర్చిలోని పెద్దవాళ్లలో సగానికి పైగా పెళ్లి కానివాళ్లు, విడాకులైనవాళ్లు, జోడీని పోగొట్టుకున్నవాళ్లేనట! అంటే బోధ మొత్తం జంట చుట్టూ తిరుగుతుంటే, వినేవాళ్లలో సగం మంది ఒంటరిగా కూర్చుని వింటున్నారు. ఇక స్వలింగ సంపర్కులకైతే ఈ దారే లేదు. పెళ్లంటే ఆడ, మగ మధ్యేనని 1995లో విడుదల చేసిన కుటుంబ ప్రకటనలో చర్చి తేల్చి చెప్పింది, ఇప్పటికీ అదే మాట మీద ఉంది.

హైదరాబాద్ టు హాంకాంగ్

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. హైదరాబాద్‌లో ఈ చర్చి మొదలై నలభై ఏళ్లు దాటింది. సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తూ అక్కడే ఈ చర్చిలో చేరిన ఓ తెలుగు జంట 1978 డిసెంబర్‌లో హైదరాబాద్ వచ్చి, బంధువర్గంలోనే 22 మందికి బాప్తిస్మం ఇప్పించింది. అప్పుడు మొదలైంది. 1982లో మోర్మన్ గ్రంథంలోని కొన్ని భాగాలు తెలుగులో వచ్చాయి. 2012 మేలో దేశంలోనే మొదటి ‘స్టేక్’, అంటే అనేక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, హైదరాబాద్‌లోనే ఏర్పాటైంది. దాన్ని ఏర్పాటు చేయడానికి అప్పట్లో వచ్చింది ఎవరో కాదు, ఇప్పటి అధ్యక్షుడు ఓక్స్. రాజమండ్రి, విశాఖపట్నంలోనూ సంఘాలున్నాయి.

మన దగ్గర చర్చిలున్నాయి కానీ టెంపుల్ లేదు. టెంపుల్ లేకపోతే సీలింగ్ లేదు. అంటే తెలుగు మోర్మన్ దంపతులు ఎప్పటికీ కలిసుండాలంటే ముందు పాస్‌పోర్ట్ తీయించుకోవాలి. హాంకాంగ్ లాంటి చోటికి విమానం ఎక్కాలి. మొగుడు, పెళ్లాం, ఇద్దరు పిల్లలు.. నాలుగు టికెట్లు, వీసాలు, అక్కడ బస. నెల జీతం మీద బతికే ఇంట్లో అది ఏళ్ల పొదుపు. పిల్లల్ని కూడా తమకి ముడివేసుకోవాలి కాబట్టి వాళ్లని వదిలి వెళ్లడానికి లేదు.

2018 ఏప్రిల్‌లో నెల్సన్ బెంగళూరులో టెంపుల్ కడతామని ప్రకటించారు. కోవిడ్ రోజుల్లోనే, 2020 డిసెంబర్‌లో శంకుస్థాపన జరిగింది. భారతదేశంలో ఇదే మొదటిది. హైదరాబాద్ నుంచి బెంగళూరుకి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు.